ఎందుకైనా మంచిదని సంతకం పెట్టే ముందు

మా అమ్మ వేసే ముగ్గులో గీత వణకడం ఆ ధనుర్మాసంలోనే చూశాను. చుక్కలు సరిగ్గానే పడ్డాయి. వాటిని కలుపుతూ వేళ్ల సందున పిండి జారవిడిచే చోట మాత్రం గీత రంపపు పళ్లలా వచ్చింది. అరవై రెండేళ్ల మనిషి కదా, చలికి చెయ్యి వణికిందనుకున్నాను. అదే చలిలో ఆవిడ రాత్రిళ్లు ఫ్యాను ఐదులో పెట్టుకుని, దుప్పటి తన్నేసి పడుకుంటోందని నాన్న చెప్పారు. అయినా ఆ రెండు సంగతుల్నీ కలిపి చూడాలని నాకు తట్టలేదు. ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గింది. గాజులు మోచేతి దాకా జారేవి. పెళ్లిళ్లలో కనబడిన వాళ్లంతా "భలే సన్నబడ్డావు వదినా, ఏం చేస్తున్నావేంటి?" అని మెచ్చుకునేవాళ్లు. తిండి తగ్గించలేదు, నిజానికి పెరిగింది. ఆకలి బాగా వేస్తోందంటే ఒంట్లో బాగున్నట్టే కదా అనుకున్నాం.

సంక్రాంతి వెళ్లిన వారానికి ఒక రాత్రి దడ మొదలై తెల్లారినా తగ్గలేదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. తెనాలి నుంచి విజయవాడ తీసుకొచ్చి ఒక పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీలో చేర్చాం. పల్స్ 148. ఈసీజీ తీసి ఏఎఫ్ అన్నారు, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పైగదులు ఒక లయలో ముడుచుకోకుండా గజగజలాడుతుంటాయి. కింది గదులకు కబురు ఎప్పుడు పడితే అప్పుడు అందుతుంది. అందుకే నాడి పట్టుకుని చూస్తే ఒక వరస అంటూ ఉండదు. పైగదిలో రక్తం సరిగ్గా కదలక గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. తేలిగ్గా తీసుకునే జబ్బు కాదు.

ఆ రాత్రి వాళ్లు చేసిన వైద్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వేగం తగ్గించే మందు ఎక్కించారు, గడ్డకట్టకుండా బ్లడ్ థిన్నర్ మొదలుపెట్టారు, తెల్లవారేసరికి పల్స్ వందకు దిగింది. డ్యూటీలో ఉన్న అమ్మాయి మూడుసార్లు వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని చూసి వెళ్లింది. నా ఫిర్యాదంతా మూడో రోజు కౌన్సెలింగ్ గదిలో జరిగిన దాని మీద.

"వయసు అరవై దాటింది, బీపీ ఉంది. సోమవారం యాంజియో చేసి చూద్దాం మేడమ్. బ్లాకులు లేకపోతే తర్వాత అబ్లేషన్ ప్లాన్ చేసుకోవచ్చు" అన్నారు. యాంజియో అంటే గుండె రక్తనాళాల్లోకి రంగు ఎక్కించి బ్లాకులున్నాయేమో చూసే పరీక్ష. అబ్లేషన్ అంటే తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని తీగలు గుండె దాకా పంపి, తప్పుడు కరెంటు పుట్టే చోట కాల్చడం. మాకు చెప్పిన లెక్క రెండున్నర లక్షలు. ఇన్సూరెన్స్ అప్రూవల్ నాలుగు గంటల్లో వచ్చేస్తుందన్నారు. అమ్మకి ఛాతీలో నొప్పి లేదు. గుండె స్కాన్ ఎకోలో పంపింగ్ బాగానే ఉంది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ నార్మల్. మరి యాంజియో ఎందుకండీ అని అడిగితే, "ఒకసారి చూసేసుకుంటే క్లియర్‌గా ఉంటుంది కదా, ఎందుకైనా మంచిది" అన్నారు.

ఆ రాత్రి డల్లాస్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి ఇదే మాట అన్నాడు. "అక్కా, డబ్బు సంగతి నువ్వు ఆలోచించకు. చేయించెయ్. ఎందుకైనా మంచిది." వాడి గొంతులో ఉన్నది ప్రేమ, దానితో పాటు అంత దూరంలో ఉండిపోయానన్న బాధ. నేను సరే అన్నాను. పేపర్ల మీద సంతకాలు కూడా పెట్టాను. శనివారం డిశ్చార్జ్ చేసి, సోమవారం పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మన్నారు.

ఆదివారం తెనాలి వెళ్లింది పాత బీపీ రిపోర్టులు తెచ్చుకోవడానికే. మా ఇంటి డాక్టరుగారికి డెబ్బై దాటాయి. ఆదివారం కూడా పొద్దున రెండు గంటలు క్లినిక్ తెరుస్తారు. ఫైలంతా తిరగేశారు, ఏమీ అనలేదు. లేచి వెళ్లి ఫ్యాన్ కట్టేశారు. "అమ్మా, చేతులు రెండూ ముందుకి చాపండి. వేళ్లు విడదీయండి." ప్రిస్క్రిప్షన్ ప్యాడ్‌లోంచి ఒక కాగితం చింపి ఆవిడ వేళ్ల మీద పరిచారు. గదిలో గాలి లేదు. కాగితం అంచులు మాత్రం ఆగకుండా టపటపా కొట్టుకుంటున్నాయి. అమ్మ కూడా దానివైపే చూస్తోంది, అది తన చెయ్యి కాదన్నట్టు.

తర్వాత గ్లాసుతో నీళ్లిచ్చి గుటక వేయమని మెడ కింద వేళ్లు పెట్టి చూశారు. బరువు ఎంత తగ్గారు, నిద్ర పడుతోందా, ఉక్క ఎక్కువగా అనిపిస్తోందా, విరేచనం రోజుకెన్నిసార్లు అని వరసగా అడిగారు. అన్నిటికీ అమ్మ దగ్గర జవాబులున్నాయి. అంతకుముందు ఎవరూ అడగలేదు, అంతే. ఆయన మళ్లీ ఫైలు తీసి 23 పేజీలూ తిప్పి, "ఇందులో టీఎస్‌హెచ్ లేదమ్మా" అన్నారు. థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష అది. ఆ వెంటనే "అమియోడరోన్ మొదలుపెట్టారా?" అని అడిగారు. గుండె లయ సరిచేసే మందు అది. రాశారండీ, సోమవారం నుంచి వేసుకోమన్నారు అన్నాను. "ఆపండి. ముందు రక్తం ఇచ్చి రండి."

ఆ పరీక్షకు మాకు అయింది 350 రూపాయలు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువ. థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 ఉండాల్సిన గరిష్ఠానికి రెండున్నర రెట్లు. థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి హార్మోన్ పోస్తూ ఉంటే, దాన్ని నడిపించే, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి తన టీఎస్‌హెచ్‌ను దాదాపు ఆపేసింది. చెయ్యి వణకడం, ఉక్క, బరువు తగ్గడం, ఆకలి, దడ అన్నీ ఒకే చోటి నుంచి వచ్చాయి.

ఇదేదో అరుదైన కేసు అనుకోకండి. 1991 మే 4, శనివారం. అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, పెద్ద బుష్, క్యాంప్ డేవిడ్‌లో జాగింగ్ చేస్తుండగా ఆయాసం వచ్చి ఆగిపోయాడు. బెథెస్డా నేవీ ఆస్పత్రికి తీసుకెళ్తే అదే ఏఎఫ్. మందులకు లొంగకపోతే సోమవారం మత్తు ఇచ్చి కరెంటు షాకుతో లయ సరిచేద్దామనుకున్నారు. మత్తులో ఉన్నంతసేపు ఉపాధ్యక్షుడు క్వేల్ చేతికి అధికారం వెళ్లాలి, దానికి కూడా సిద్ధమయ్యారు. ఈలోగా లయ మందులతోనే కుదుటపడింది. డాక్టర్లు అక్కడితో వదిలెయ్యలేదు. ఎందుకొచ్చింది అని వెతికారు. రక్త పరీక్షల్లో థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని తేలింది. గ్రేవ్స్ జబ్బు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను రెచ్చగొట్టడం. అదే గురువారం రేడియోధార్మిక అయొడిన్ తాగించారు. ఆయన భార్య బార్బరాకు అంతకుముందే అదే జబ్బు ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడంతో వాళ్లు ఉండే చోట్ల నీళ్లు కూడా పరీక్ష చేయించారు. వారం తిరగకుండా గుండె దగ్గర మొదలైన వైద్యం మెడ దగ్గరికి చేరింది. అది అధ్యక్షుడికి మాత్రమే దొరికే వైద్యం కాదు. చేసింది రక్త పరీక్షే.

ఈ జబ్బు చరిత్ర చదువుతుంటే నాకు ఒకటి బాగా అర్థమైంది. దీన్ని మొదట గమనించిన వాళ్లు గుండె దడను కూడా చూశారు. ఇంగ్లండులో బాత్ పట్టణంలో కేలెబ్ ప్యారీ అనే వైద్యుడు 1786లో మొదటి రోగిని చూశాడు. ఆయన పోయాక 1825లో అచ్చయిన ఆ వ్యాసంలో మెడ వాపునూ గుండె దడనూ కలిపి రాశాడు. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించింది దీర్ఘకాలం తీవ్రమైన దడతో బాధపడిన ముగ్గురు స్త్రీల గురించి. 1840లో జర్మనీలో బేసెడో చెప్పిన మూడు లక్షణాల్లో కళ్లు ముందుకు రావడం, మెడ వాపుతో పాటు దడ ఉంది. ఈసీజీ లేని రోజులు, టీఎస్‌హెచ్ అన్న మాటే పుట్టని రోజులు. చేత్తో నాడి పట్టుకుని మెడ చూశారు. మా డాక్టరుగారు చేసిందీ అదే.

కార్డియాలజిస్టులకు ఇది తెలియదా అంటే, బాగా తెలుసు. కొత్తగా ఏఎఫ్ కనబడితే థైరాయిడ్ పరీక్ష చేయాలని యూరప్, అమెరికా గుండె వైద్యుల సంఘాల మార్గదర్శకాలు రెండూ చెబుతున్నాయి. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో అరవై దాటిన రెండు వేల మందిని పదేళ్లు చూసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, టీఎస్‌హెచ్ బాగా తక్కువగా ఉన్నవాళ్లలో 28 శాతం మందికి ఏఎఫ్ వచ్చింది. నార్మల్‌గా ఉన్నవాళ్లలో 11 శాతం మందికే. థైరాయిడ్ వల్లే ఏఎఫ్ వచ్చినవాళ్ల సంగతి ఇంకా ఊరటనిస్తుంది. జపాన్ డాక్టర్లు 1982లో అలాంటి 163 మంది వివరాలు ప్రచురించారు. థైరాయిడ్ అదుపులోకి వచ్చాక 101 మందికి గుండె లయ తనంతట తానే మామూలైంది. ఎక్కువమందికి మూడు వారాల్లోపే. నాలుగు నెలలు దాటాక మాత్రం తనంతట తాను తిరిగిరావడం కనబడలేదు. అందుకే ప్రాణం మీదకు రానంతవరకు, షాకు గానీ అబ్లేషన్ గానీ చేసే ముందు థైరాయిడ్ సరిచేసి కొన్నాళ్లు ఆగి చూడాలంటారు. హార్మోన్ ఇంకా పొంగుతుండగా గుండెలో ఎంత కాల్చినా ఏఎఫ్ తిరగబెట్టడానికి కారణం అలాగే ఉంటుంది.

తెలిసిన విషయం చేతికి ఎందుకు రాలేదు? డబ్బాశ అని ఒక్క మాటలో తేల్చెయ్యడం నాకు ఇష్టం లేదు. నేను చూసినది వేరు. పెద్ద ఆస్పత్రిలో గుండెకు ఒక అంతస్తు, హార్మోన్లకు ఇంకో అంతస్తు. ఎమర్జెన్సీలో ఒక డాక్టరు, ఐసీయూలో ఒకరు, రౌండ్స్‌కి వచ్చేది మరొకరు. టీఎస్‌హెచ్ పక్కవాళ్లు రాసే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకోవచ్చు. దానికి తోడు వయసు. పెద్దవాళ్లలో థైరాయిడ్ ఎక్కువైనా కళ్లు పెద్దవవడం, హడావిడి లాంటివి చాలామందిలో కనబడవు. నీరసం, బరువు తగ్గడం, గుండె లయ తప్పడం మాత్రమే ఉంటాయి. దీన్ని అమెరికా సర్జన్ ఫ్రాంక్ లాహీ 1931లోనే రాశాడు. ముసలితనం అనే మాట కింద ఎన్ని జబ్బులు కప్పుకుపోతాయో!

డబ్బు ప్రసక్తి లేదనడం లేదు. అయితే అది ఒక మనిషి ఆశగా కాకుండా, లెక్కలు కట్టే తీరులో ఉంది. రెండున్నర లక్షల అబ్లేషన్‌కి నాలుగు గంటల్లో క్యాష్‌లెస్. 350 రూపాయల పరీక్షకు మేమే జేబులోంచి తీయాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్ చేయించుకోలేని ఎన్నో కుటుంబాలకు ఆపరేషన్ అందింది, అది చాలా పెద్ద మేలు. కానీ ఏ బీమా అయినా చేసిన పనికి ప్యాకేజీ ఇస్తుంది. డాక్టరు ఇరవై నిమిషాలు కూర్చుని బరువెంత తగ్గారమ్మా అని అడిగినందుకు ప్యాకేజీ లేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం, మూసుకుపోయిన గుండె రక్తనాళంలో పెట్టే మందుపూత స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. ధరను అలా తగ్గించవచ్చు. ఈ మనిషికి అది అవసరమా అని అడిగే అలవాటును గెజిట్‌తో తేలేం.

ఇక మా తమ్ముడి మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే మన ఇళ్లన్నిటిలోనూ వినబడే మాట అదే. ఎందుకైనా మంచిది. ఒక అనుమానం తీరిపోతుంది కదా, పోయేదేముంది? పోయేది ఉంది. యాంజియోలో రక్తనాళాలు కనబడటానికి ఎక్కించే రంగులో ప్రతి మిల్లీలీటరుకు మూడొందల మిల్లీగ్రాముల పైనే అయొడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు, అంటే ఒక మిల్లీగ్రాములో ఏడో వంతు. రంగులోని అయొడిన్ దాదాపుగా అణువుకు అంటిపెట్టుకునే ఉంటుంది, నిజమే. కానీ విడిపోయే ఆ కాస్తే రోజువారీ అవసరానికి చాలా రెట్లు ఎక్కువ. ముఖ్యంగా గడ్డలున్న థైరాయిడ్‌కి అంత అయొడిన్ అందితే కొన్ని వారాల తర్వాత హార్మోన్ ఇంకా ఎగదన్నవచ్చు. పైగా కారణం తేల్చడానికి చేసే థైరాయిడ్ స్కాన్ ఆ తర్వాత కొన్ని వారాల పాటు నమ్మడానికి పనికిరాదు. గ్రంథి అప్పటికే అయొడిన్‌తో నిండిపోయి ఉంటుంది మరి.

అమియోడరోన్ సంగతీ అంతే. మంచి మందు, అవసరమైన చోట ప్రాణం నిలబెడుతుంది. కానీ 200 మిల్లీగ్రాముల మాత్రలో 75 మిల్లీగ్రాములు అయొడినే. ఒంట్లో వారాలు, నెలల తరబడి నిలవ ఉంటుంది. తనే థైరాయిడ్‌ను పెంచగలదు, తగ్గించనూగలదు. ముందు టీఎస్‌హెచ్ చూడకుండా మొదలుపెడితే, తర్వాత తేడా కనబడినప్పుడు అది జబ్బు వల్లో మందు వల్లో తేల్చుకోవడం కష్టం. అందుకే మా డాక్టరుగారు ఆ పేరు అంత ఆదుర్దాగా అడిగారు.

వీటన్నిటికంటే నేను భయపడేది ఇంకొకటి. అరవై దాటిన మనిషికి యాంజియో చేస్తే ఎక్కడో ఒకచోట యాభయ్యో అరవయ్యో శాతం బ్లాకు కనబడే అవకాశం బాగానే ఉంది. కనబడ్డాక వదిలెయ్యబుద్ధి కాదు, డాక్టరుకీ కాదు, మనకీ కాదు. స్టెంట్ వేస్తారు. ఏఎఫ్‌కి ఇచ్చే బ్లడ్ థిన్నర్‌కి తోడు స్టెంట్ మూసుకుపోకుండా ఇంకో మందు చేరుతుంది. రక్తస్రావం భయం పెరుగుతుంది. మరి దడ? స్టెంట్ వేశారు కాబట్టి జబ్బు దొరికిందనుకుంటాం. వెతకడం మానేస్తాం. థైరాయిడ్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంటుంది. గుండెపోటు లేని, నిలకడగా ఉన్న బ్లాకులకు ముందే స్టెంటో బైపాసో చేసినా, మందులతో మొదలుపెట్టినదానికంటే గుండెపోట్లు, మరణాలు మొత్తం మీద తగ్గలేదని 5,179 మంది మీద జరిగిన ఇస్కీమియా అధ్యయనం 2020లో చెప్పింది. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు ఉపశమనం ఉంటుంది, అది వేరే సంగతి. మా అమ్మకి నొప్పే లేదు.

మా పిన్ని కథ దీనికి తిరగేసినట్టుంటుంది. ఆవిడకి థైరాయిడ్ తక్కువ. మన ఊళ్లలో ఏ వీధిలో చూసినా పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు కనబడతారు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. పిన్ని ఆరేళ్లుగా 150 మైక్రోగ్రాములు వేసుకుంటోంది. ఆ ఆరేళ్లలో 14 కిలోలు తగ్గింది. ఒక్కసారి కూడా పరీక్ష చేయించలేదు, పాత చీటీ చూపిస్తే మందుల షాపులో ఇచ్చేస్తున్నారు. దడ వచ్చింది, గుండె డాక్టరు దగ్గరికి వెళ్లింది, ఒంటికి తగిలించి రోజంతా ఈసీజీ తీసే హోల్టర్ పెట్టారు, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండెను చూసే టీఎంటీ చేశారు. చివరికి తేలింది మాత్ర డోసు ఎక్కువైందని. వంద చేశారు, రెండు నెలల్లో దడ పోయింది. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాత్ర వేసుకుంటుంటే, ఆఖరి టీఎస్‌హెచ్ ఎప్పటిదో ఈరోజే అడగండి.

థైరాయిడ్ బాగా తగ్గినప్పుడు గుండె ఇంకోరకంగా మోసపుచ్చుతుంది. నాడి నలభైల్లోకి దిగుతుంది. గుండె చుట్టూ ఉన్న పొరలో నీరు చేరుతుంది. కొలెస్ట్రాల్ ఎగబాకుతుంది. కండరాల నుంచి వచ్చే సీపీకే పెరిగి గుండెపోటేమోనన్న అనుమానం పుట్టిస్తుంది. హెర్మన్ జోండెక్ అనే జర్మన్ వైద్యుడు 1918లో ఇలాంటి రోగుల గుండెలు ఉబ్బి, మందకొడిగా కొట్టుకోవడం చూశాడు. థైరాయిడ్ మందు ఇస్తే ఆ గుండెలే మళ్లీ చిన్నవయ్యాయి. వందేళ్ల కిందటి మాట ఇది. పేస్‌మేకర్ పెట్టే ముందు, సూదితో నీరు తీసే ముందు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ చూడాలనడం నేను కనిపెట్టిందేమీ కాదు. థైరాయిడ్ తక్కువగా ఉన్న మనిషికి అది సరిచేయకుండా స్టాటిన్ ఇస్తే కండరాల నొప్పులు ఎక్కువ కావచ్చు. ఆ నొప్పులకు మళ్లీ ఇంకో డాక్టరు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఛాతీ పిండేసినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి గుంజడం, స్పృహ తప్పడం ఉంటే థైరాయిడ్ గురించి ఆలోచించే టైము కాదు. 108కి ఫోన్ చేయండి. గుండెపోటులో యాంజియోప్లాస్టీ ప్రాణం కాపాడుతుంది, అక్కడ ప్రతి నిమిషమూ కండరమే. ఏఎఫ్‌లో బీపీ పడిపోతుంటే షాకు వెంటనే ఇవ్వాల్సిందే. గుండెలో కరెంటు దారి పూర్తిగా మూసుకుపోతే, టీఎస్‌హెచ్ ఎంతున్నా ముందు పేస్‌మేకర్ కావాలి. కొంతమందికి థైరాయిడ్ సరైనా ఆ దారి తెరుచుకోదు. థైరాయిడ్ జబ్బున్న మనిషికి నిజమైన గుండె జబ్బు ఉండకూడదనేం లేదు, రెండూ కలిసి ఉండొచ్చు. థైరాయిడ్ వల్ల వచ్చిన ఏఎఫ్ అని తెలిసినా బ్లడ్ థిన్నర్ మీ అంతట మీరు ఆపకండి. కారణం ఏదైనా గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. నా వాదనంతా రెండు రోజులు ఆగగలిగిన ప్రొసీజర్ల గురించే. సోమవారం రండి అన్నారంటే ఆదివారం ఒక రక్త పరీక్షకు టైము ఉన్నట్టే.

ఆ పరీక్షలోనూ కొన్ని మెలికలున్నాయి. జుట్టుకూ గోళ్లకూ అని వేసుకునే బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో ఉంటే, కొన్ని ల్యాబ్ యంత్రాల్లో లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు చూపిస్తాయి. రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపి, డాక్టరుకి ఆ సంగతి చెప్పండి. వేరే జబ్బుతో ఐసీయూలో బాగా సుస్తీగా ఉన్నవాళ్లకు టీఎస్‌హెచ్ కొంచెం తగ్గి కనబడటం మామూలే. అందుకే ఒక్క అంకె పట్టుకుని కంగారుపడకుండా ఫ్రీ టీ4 కూడా చూస్తారు.

ఇలా అడిగితే డాక్టరుగారు నొచ్చుకుంటారేమోనని మన భయం. నేనూ భయపడ్డాను. ఆదివారం రాత్రి ఆ కార్డియాలజిస్టుకి రిపోర్టు వాట్సాప్‌లో పంపి, ఏం తిడతారోనని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పావుగంటలో ఆయనే చేశారు. "ఇది మేం ముందే చూడాల్సింది. యాంజియో వాయిదా వేద్దాం. అమియోడరోన్ వద్దు, మిగతా మందులు వేయండి. ఎండోక్రైనాలజిస్టుకి, అదే హార్మోన్ల డాక్టరుకి చూపించండి" అన్నారు. ఆ మొదటి వాక్యం అనడానికి ఆయనకు ఎంత పెద్ద మనసు కావాలో నాకు తెలుసు. అందుకే ఆ ఆస్పత్రి మీద కోపం పెట్టుకోలేదు.

గుంటూరులో ఎండోక్రైనాలజిస్టు యాంటీబాడీ పరీక్ష, స్కాన్ చేయించారు. గ్రేవ్స్ అనే తేలింది. థైరాయిడ్ హార్మోన్‌ను తగ్గించే కార్బిమజోల్ రాశారు. జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్ర ఆపేసి అదే రోజు తెల్ల కణాలు చూపించుకోమని మూడుసార్లు చెప్పి, చీటీ మీద ఎర్ర సిరాతో రాసిచ్చారు. అరుదుగానైనా ఈ మందు వల్ల తెల్ల కణాలు పడిపోతాయి. దాన్ని నాన్న ఫ్రిజ్ తలుపుకి అంటించారు. ఏడో వారానికి టీ4 నార్మల్‌లోకి వచ్చింది. తొమ్మిదో వారం ఈసీజీ తీసినప్పుడు టెక్నీషియన్ కాగితం చింపి ఇస్తే నేనే ముందు చూశాను. అప్పటికి పాత ఈసీజీ ఎన్నోసార్లు చూసి ఉన్నాను కాబట్టి తేడా తెలిసింది. ప్రతి పొడుగు గీతకూ ముందు ఒక చిన్న బుడిపె. పైగదులు ఒక్కటిగా ముడుచుకున్నప్పుడే వచ్చే బుడిపె అది, జనవరి కాగితంలో ఒక్కచోట కూడా లేదు. గీతల మధ్య ఎడం కూడా సమానంగా ఉంది, చుక్కలు పెట్టినట్టు.

తమ్ముడికి ఆ ఫోటో పంపితే చాలాసేపు ఏమీ రాయలేదు. మర్నాడు ఫోన్ చేసి, తను కూడా అక్కడ టీఎస్‌హెచ్ చేయించుకున్నానని చెప్పాడు. ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బు కదా అని వాడే చదువుకున్నాడట. వాడికి నార్మల్.

యాంజియో ఇప్పటిదాకా చేయలేదు. అవసరం పడితే చేయిద్దాం, అప్పుడు నేనే తీసుకెళ్తాను. అమ్మకి ఆరు నెలల తర్వాత మామూలు టీఎంటీ చేశారు, బాగుంది. బ్లడ్ థిన్నర్ ఎన్నాళ్లు వాడాలన్నది ఇంకా మాట్లాడుతున్నారు. కార్బిమజోల్ ఆపాక జబ్బు తిరగబెడితే బుష్‌కి ఇచ్చినట్టే రేడియో అయొడిన్ ఇవ్వాల్సి రావచ్చని కూడా చెప్పారు.

ఆ ఆస్పత్రికి నేనొక ఉత్తరం రాశాను. ఎమర్జెన్సీలో ఏఎఫ్ అని రాయగానే పంపే రక్త పరీక్షల ఫారంలో షుగర్, క్రియాటినిన్, పొటాషియం పక్కన టీఎస్‌హెచ్‌కి ఒక గడి అచ్చు వేయమని అడిగాను. రాసే డాక్టరు ఎవరైనా, అలసిపోయి ఉన్నా, గడి కనబడితే టిక్కు పెడతారు. జవాబు రాలేదు. ఇరవయ్యో తారీఖున అమ్మకి అక్కడే రివ్యూ ఉంది. ఎమర్జెన్సీ కౌంటర్ దగ్గర ఆ ఫారం ఒకటి అడిగి తీసుకుని చూస్తాను.